కార్డు ముక్క మీద అర్జీలు రాయించకండి

గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లిన స్త్రీల కష్టాలు మనకు కొత్తవి కావు. యజమాని దగ్గర ఉండిపోయే పాస్‌పోర్టులు, అందని జీతాలు, మొహం చాటేసే ఏజెంట్లు. ఈ స్త్రీల తరఫున ఇక్కడి అక్కచెల్లెళ్లు పెట్టుకునే అర్జీ దారిలో ఏమవుతోందో మాత్రం మనం ఎప్పుడూ ఆలోచించలేదు. కంప్యూటర్ల గొడవ మనకెందుకని దయచేసి పేజీ తిప్పేయకండి.

అల్లవరంలో ఒకామె తన చెల్లెలి కోసం ఒక స్వచ్ఛంద సంస్థకు ఫిర్యాదు పంపాలనుకుంది. చెల్లెలు మస్కట్‌లో ఒక ఇంట్లో చిక్కుకుపోయింది. నెట్ సెంటరులో కూర్చుని, పాత కరపత్రంలో ఉన్న వెబ్‌సైటు చిరునామా చూపించి, అక్కడి కుర్రాడి చేత ఫారం నింపించింది. చెల్లెలి పాస్‌పోర్టు నంబరు, పెడుతున్న హింస, డబ్బు తీసుకున్న ఏజెంటు పేరు అన్నీ చెప్పింది. ఆ ఏజెంటుదీ ఆ చుట్టుపక్కల ఊరే. పంపేముందు తెర మీద ఏదో హెచ్చరిక వచ్చింది. కుర్రాడు 'అయినా పంపు' అని నొక్కేశాడు. మళ్లీ ఖాళీ ఫారం కనిపించింది. పని అయిపోయిందనుకుని ఆమె ఇంటికి వెళ్లిపోయింది. మూడు వారాలు ఎదురుచూసి మా దగ్గరికి వచ్చింది. ఆ సంస్థను అడిగితే, అలాంటి ఫిర్యాదే తమకు రాలేదన్నారు. వాళ్లు అబద్ధమాడలేదు.

జరిగింది ఇది. వెబ్‌సైటుకు రెండు రకాల చిరునామాలుంటాయి. హెచ్‌టీటీపీ అని మొదలయ్యేది పోస్టుకార్డు లాంటిది. దారిలో ఎవరి చేతిలో పడితే వాళ్లు చదవొచ్చు. చివర ఎస్ చేరి హెచ్‌టీటీపీఎస్ అయితే అది అంటించిన కవరు. ఆ సంస్థ ఈమధ్యే కవరు పద్ధతికి మారింది. పాత చిరునామాకు వచ్చేవాళ్లను కొత్తదానికి మళ్లించే ఏర్పాటు కూడా చేసింది. ఇల్లు మారితే పోస్టాఫీసు వాళ్లు కొత్త చిరునామా రాసి ఉత్తరాలు అక్కడికి పంపినట్టే. అంతవరకు మంచి పనే. కానీ ఫారం లోపల, నింపింది ఎక్కడికి పోవాలో చెప్పే చోట, పాత చిరునామానే మార్చకుండా వదిలేశారు.

దాంతో ఆమె రాసిందంతా ముందు బట్టబయలుగా పాత చిరునామాకు వెళ్లింది. అక్కడి సర్వరు 'మేము శాశ్వతంగా ఇల్లు మారాం, అటు వెళ్లండి' అని చెప్పింది. ఆ మాటకు 301 అనే అంకె గుర్తు. 301 వినగానే బ్రౌజరు సాధారణంగా కొత్త గుమ్మం దగ్గరికి ఉత్త చేతులతో వెళ్తుంది. మోసుకొచ్చిన ఉత్తరాన్ని అక్కడే వదిలేస్తుంది. చదవకూడని వాళ్లు చదివే వీలు కలిగింది, చదవాల్సినవాళ్లకు అందలేదు. దీన్ని సాంకేతిక లోపం అని సరిపెట్టుకుందామా?

ఖర్చు అన్న సాకు ఇప్పుడు చెల్లదు. కవరు పద్ధతి 1994లోనే నెట్‌స్కేప్ కంపెనీ తయారుచేసింది. చాలాకాలం అది బ్యాంకులకూ డబ్బున్న వ్యాపారాలకే పరిమితమైంది. 2015 చివరి నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఆ ధ్రువపత్రాన్ని ఉచితంగా ఇస్తోంది. 2018 జూలై నుంచి క్రోమ్ బ్రౌజరు కార్డు పద్ధతి సైట్లన్నిటి మీదా 'సురక్షితం కాదు' అని రాస్తోంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పిచ్చింది. ప్రభుత్వాన్ని ఆ తీర్పు పేరుతో నిలదీసే మనం మన ఫారాల సంగతి చూసుకోవద్దా?

మన సంస్థల్లో వెబ్‌సైటు ఎవరో తెలిసిన అబ్బాయి ఒకప్పుడు చేసిపెట్టినదై ఉంటుంది. ఆ అబ్బాయిని పిలిచి అడగండి. మళ్లింపు ఒక్క మొదటి పేజీకేనా, అన్నిటికీనా? ఫారం లోపలి చిరునామా మార్చాడా? ఇకమీదట కార్డు దారినే తొక్కవద్దని బ్రౌజరుకు చెప్పే హెచ్‌ఎస్‌టీఎస్ అనే ఆజ్ఞ పెట్టాడా? 2012 నుంచీ ఉన్నదే అది. అన్నీ అయ్యాక మీరే వెళ్లి ఒక ఉత్తుత్తి ఫిర్యాదు పంపి, అందిందో లేదో చూడండి. పాత కరపత్రాలు, గోడ రాతలు ఊళ్లలో ఇంకా ఉంటాయి కాబట్టి మళ్లింపును మాత్రం ఎప్పటికీ తీసెయ్యకండి.

ఈ తాళం గుర్తు అన్నిటికీ రక్ష కాదు. మోసం చేసే ఏజెంటు సైటుకూ తాళం ఉండొచ్చు. ఏ సైటుకు వెళ్లారన్నది కవరు మీది చిరునామాలా బయటికి తెలుస్తూనే ఉంటుంది. మొగుడి ఫోన్‌లో చూస్తే ఆ జాడ ఫోన్‌లోనే మిగులుతుంది. అది చెరపడం మనం విడిగా నేర్పాలి.

2022 మేలో అమలాపురం హింస తరువాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేసినప్పుడు, సిగ్నల్ కోసం జనం పక్క ప్రాంతాలకు పరుగెత్తారు. దారి మూసేస్తే అందరికీ తెలుస్తుంది. దారిలో ఉత్తరం జారిపోతే ఎవరికీ తెలియదు.

ఆ అల్లవరం ఆమెతో కూర్చుని ఫిర్యాదు మళ్లీ రాశాం. విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన మదద్ పోర్టల్‌లో కూడా పెట్టాం. నంబరు కాగితం మడిచి కొంగున ముడేసుకుంటూ ఆమె అడిగింది: "మేడంగారూ, ముందు పంపింది ఆ ఏజెంటు గాని చదివేసుంటాడంటారాండీ?"

చదివి ఉండడని ధైర్యం చెప్పలేకపోయాను.