నిర్గమద్వారం ఉన్న యమలోకం

అమెరికా దేశం, ఫ్లోరిడా రాష్ట్రంలోని ఆర్లాండో నగరంలో యూనివర్సల్ సంస్థవారి థీమ్ పార్కు ఏటా శరత్కాల రాత్రులలో మరొక రూపం ధరిస్తుంది. పగలు పిల్లలు ఆడుకొన్న వీధులలోనే చీకటి పడగానే కృత్రిమధూమం వ్యాపిస్తుంది. రక్తవర్ణం పూసుకొన్నవారు, రంపాలు చేతబట్టినవారు, శవాకారులు జనసమ్మర్దం మధ్య సంచరిస్తారు. చీకటి గృహాలలో వరుసగా నడిచే సందర్శకులపైకి గోడల చాటునుండి వేషధారులు హఠాత్తుగా దూకుతారు. దీనికి హాలోవీన్ హారర్ నైట్స్ అని పేరు. 1991లో ఒకే గృహంతో, మూడు రాత్రుల వేడుకగా ఆరంభమైన ఈ వ్యాపారం ఇటీవలి సంవత్సరాలలో పది గృహాలకు, నలభైకి పైబడిన రాత్రులకు విస్తరించింది. అంతకు పూర్వమే, 1973లో, కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫార్మ్ ఇటువంటి రాత్రులకు శ్రీకారం చుట్టింది. ఈనాడు ఆ వరుసలలో ప్రవాసాంధ్ర యువతీయువకులు, కొన్నిచోట్ల వారి తల్లిదండ్రులు కూడా టికెట్టు కొని నిలుచుంటున్నారు.

ఈ విషయమై ఆస్తికలోకంలో రెండు వాదాలు వినవస్తున్నాయి. అటువంటి చోటికి వెళితే భూతప్రేతాలు ఆవేశిస్తాయి, వెళ్ళినవాడు భ్రష్టుడవుతాడు అనేది మొదటి వాదం. ఇది కేవలం వినోదం, భయానకాన్ని భరతముని సైతం రసాలలో పరిగణించాడు కదా, దోషమేమిటి అనేది రెండవ వాదం. విచారించి చూస్తే రెండూ నిలిచేవి కావు. అసలు దోషం ఎక్కడున్నదో ఇరుపక్షాలవారికీ కానరావడం లేదు.

మొదటి వాదాన్ని పరిశీలిద్దాం. పరమశివుడు కపాలమాలాధరుడు, శ్మశానవాసి, భూతగణాధిపతి. అరవైముగ్గురు నాయనార్లలో ఒకరైన కారైక్కాల్ అమ్మయ్యార్ తన సౌందర్యాన్ని త్యజించి, ప్రేతరూపాన్ని వరంగా కోరుకొన్న మహాభక్తురాలు. ద్రవిడదేశపు శివాలయ శిల్పాలలో ఆమె ఎముకల గూడువంటి దేహంతో నటరాజ పాదసన్నిధిలో కూర్చుండి తాళం వేస్తూ దర్శనమిస్తుంది. ఆ రూపాన్ని చూసి భక్తుడు చేతులు జోడిస్తాడే కాని పారిపోడు. అస్థిపంజరాన్ని చూసి జడిసే ధర్మం కాదిది. రబ్బరు ముఖానికి, ప్లాస్టిక్ పుర్రెకు మనిషిని పట్టి పీడించే శక్తి ఉన్నదని నమ్మేవాడు ఈశ్వరుని సర్వవ్యాపకత్వంపై తనకెంత విశ్వాసమున్నదో ఒకసారి ప్రశ్నించుకోవాలి. ధర్మం పేరిట పిల్లలను ఇలా బెదిరించడం కూడా భయాన్ని విక్రయించడమే. అక్కడ టికెట్టు ఉన్నది, ఇక్కడ లేదు, అంతే భేదం.

రెండవ వాదం పాండిత్యపు ముసుగు వేసుకొన్నది కనుక దానికి సమాధానం కాస్త విస్తరించి చెప్పాలి. భయం వేరు, భయానకరసం వేరు. భయం స్థాయిభావం, అది ఆస్వాదయోగ్యమైనప్పుడే రసమవుతుంది. అభినవగుప్తపాదులు భయానకాన్ని వివరించడానికి కాళిదాసు శాకుంతలంలో దుష్యంతుని బాణానికి వెరచి పరుగెత్తే లేడిని ఉదాహరించారు. ఆ ఘట్టంలో సహృదయుడు "నేను భయపడుతున్నాను" అనుకోడు, "ఆ లేడి ఎవరిదో, నాకేమి" అనీ అనుకోడు. స్వపరభేదం తొలగిన స్థితిలో భయతత్త్వాన్నే దర్శిస్తాడు. చీకటిగృహంలో జరిగేది దీనికి పూర్తిగా విపరీతం. చెవిదగ్గర హఠాత్తుగా శబ్దం పుడుతుంది, దేహం ఉలిక్కిపడుతుంది, కేక వెలువడుతుంది, వెనువెంటనే నవ్వు వస్తుంది. అక్కడ విచారానికి క్షణకాలమైనా అవకాశం లేదు. ఉలికిపాటు పశువుకూ ఉన్నది. దానికి భరతముని పేరు తగిలించడం శాస్త్రానికి చేసే అపచారం.

మరి అసలు దోషమేది? దానిని గ్రహించడానికి అదే దేశంలో జరిగిన యథార్థవృత్తాంతం ఒకటి ఉన్నది. ఎల్మర్ మెక్‌కర్డీ అనే దొంగ 1911 అక్టోబరులో ఓక్లహోమాలో రక్షకభటుల తుపాకిగుండుకు మరణించాడు. శవాన్ని అడగడానికి బంధువులెవరూ రాలేదు. అంత్యక్రియలు నిర్వహించవలసిన వ్యాపారి ఆ దేహానికి రసాయనాలు పట్టించి, నిలబెట్టి, నాణెం ఇచ్చినవారికి చూపించసాగాడు. 1916లో కొందరు ప్రదర్శనకారులు సోదరులమని అబద్ధమాడి ఆ శవాన్ని తీసుకొనిపోయారు. అది ఊరూరా తిరిగి, చేతులు మారి, చివరకు కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ వినోదస్థలంలో ఒక చీకటిగృహంలో వ్రేలాడే బొమ్మ అయింది. దానికి మెరిసే రంగు పూశారు. 1976 డిసెంబరులో ఒక టెలివిజన్ ధారావాహిక చిత్రీకరణకు వచ్చినవారు ఆ "బొమ్మ"ను కదపగా చేయి విరిగి, లోపల ఎముక బయటపడింది. 1977 ఏప్రిల్‌లో ఓక్లహోమాలోని గత్రీలో దానిని ఖననం చేశారు. మరల ఎవరూ ఎత్తుకొనిపోకుండా పైన కాంక్రీటు పోశారు.

అరవై అయిదేళ్ళు ఒక మానవదేహం సంస్కారం లేక వ్రేలాడింది. చివరకు దానిక్రింద ఎందరో పిల్లలు కేకలు వేసి, నవ్వి, బయటకు పోయారు. వారిలో ఎవరూ దుష్టులు కారు. అది శవమని వారికి తెలియదు. తెలియకపోవడమే ఇక్కడి విషయం. మృత్యువును బొమ్మగా చూడడానికి అలవాటుపడిన కన్నుకు నిజమైన మృతుడు ఎదురుగా ఉన్నా బొమ్మగానే కనబడతాడు. అనాథప్రేతానికి సంస్కారం చేసినవానికి అశ్వమేధఫలం కలుగుతుందని పెద్దలు చెప్పింది ఈ కన్ను మూసుకుపోకూడదనే.

ఇప్పుడు ఆస్తికుల ఇళ్ళవైపు చూడాలి. నొప్పి కలిగించే మాట ఇక్కడే ఉన్నది. స్వదేశంలో తాతగారు కాలం చేస్తారు. ఫోనులో అంత్యక్రియల దృశ్యం వస్తుంది. "పిల్లవాడు దడుచుకుంటాడు, అటు తీసుకొనిపో" అంటారు. పదునాలుగేళ్ళ మనుమడికి తాతగారి ముఖాన్ని కడసారి చూసే అధికారం ఉండదు. శవం ఎందుకు స్నానం చేయించబడుతుందో, పిండం ఎందుకు పెడతారో అతనికి ఎవరూ చెప్పరు. అదే బాలునికి మరుమాసం రక్తపు రంగు పూసుకొన్న కృత్రిమశవాల మధ్యకు టికెట్టు కొని ఇస్తారు. నిజమైన మరణం చూస్తే దడుచుకుంటాడట; అబద్ధపు మరణం చూస్తే వినోదిస్తాడట! దోషం ఆ ఉద్యానానిది కాదు. అది తాను అమ్మేది ఏమిటో దాచలేదు. పదమూడేళ్ళలోపు వారికి తగదని కూడా ముందే హెచ్చరిస్తుంది. దోషం సత్యాన్ని దాచిపెట్టి, దాని వికృతచ్ఛాయను కొనిపెట్టిన గృహస్థునిది.

కఠోపనిషత్తులోని నచికేతుడు కూడా బాలుడే. అతడూ మూడు రాత్రులు యముని ఇంట గడిపాడు, అదీ నిరాహారుడై. వినోదాన్ని అక్కడ స్వయంగా యముడే ఇవ్వజూపాడు: గజాశ్వాలు, సువర్ణం, రథాలతో వాద్యాలతో కూడిన దివ్యాంగనలు. నచికేతుడు వాటిని తిరస్కరించి, మరణానంతరం జీవుడు ఉన్నాడా లేడా అని అడిగాడు. మృత్యుగృహంలో ఉచితంగా లభించిన వినోదాన్ని ఆ బాలుడు కాదన్నాడు. ఈనాటి గృహస్థుడు మృత్యువు పేరిట వినోదాన్ని ధనమిచ్చి కొంటున్నాడు. చీకటిగృహం చివర వెలుగుతున్న అక్షరాలతో నిర్గమద్వారం ఉంటుంది. వేషధారి సందర్శకుని తాకడు. యమపాశం తాకుతుంది, ఆ మార్గంలో వెనుదిరిగే ద్వారం లేదు. ఈ రెండింటి భేదం తెలిసినవాడు ఆ ఉద్యానానికి వెళ్ళివచ్చినా చెడిపోడు. తెలియనివాడు వెళ్ళకపోయినా రక్షింపబడడు.

2024లో హాలోవీన్ వచ్చిన అక్టోబరు 31ననే నరకచతుర్దశి, ఆ సాయంకాలమే దీపావళి వచ్చాయి. అరుణోదయ అభ్యంగనం తరువాత యముని పదునాలుగు నామాలతో స్మరించి తర్పణం విడవడం ఆనాటి విధి. తండ్రి జీవించి ఉన్నవారికి కూడా యమతర్పణం విహితమేనని ధర్మశాస్త్రం విశేషించి చెప్పింది. అంటే యువకుని చేతిలో నీరు పోసి, మృత్యుదేవతను పేరుపెట్టి పిలవడం నేర్పింది. ఎన్ని ప్రవాసగృహాలలో ఆనాటి ఉదయం ఆ పదునాలుగు నామాలు వినిపించాయి? ఎన్ని గృహాలనుండి ఆ రాత్రి కారు ఉద్యానం వైపు సాగింది?

కనుక తల్లిదండ్రులు చేయవలసింది నిషేధం కాదు, బెదిరింపు అంతకన్నా కాదు. ఈసారి ఇంట మరణవార్త వచ్చినప్పుడు బాలుని ప్రక్కన కూర్చోబెట్టుకోవాలి. కడసారి దర్శనం చేయించాలి. పితృతర్పణానికి నువ్వులు అతనిచేతనే అందింపజేయాలి. అతడు అడిగే ప్రశ్నకు సమాధానం రాకపోతే, తెలియదని చెప్పి, అతనితో కలిసి కఠోపనిషత్తు తెరవాలి. భయం రెండవ వస్తువు ఉన్నదన్న భావనవల్ల పుడుతుందని బృహదారణ్యకం బోధించింది. ఆ రెండవది లేదని తెలుసుకొనే దారి ఇంటినుండే మొదలుకావాలి. ఆ దారికి టికెట్టు అక్కరలేదు.