పిల్లల వెంట కొత్త ఊరు

డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో దిగే తెలుగు కుటుంబానికి అమెరికా మొదటి పాఠం కారు వెనక సీట్లోనే మొదలవుతుంది. దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో గంటల తరబడి ఎగిరి వచ్చిన పిల్లలకు అమ్మ ఒళ్లో తలపెట్టుకుని పడుకోవాలని ఉంటుంది. టెక్సస్ చట్టం ఒప్పుకోదు. ఎనిమిదేళ్లు నిండని పిల్లలు, ఎత్తు 4 అడుగుల 9 అంగుళాలు దాటితే తప్ప, తమ కొలతకు చేసిన ప్రత్యేక సీట్లోనే బెల్టు బిగించుకుని కూర్చోవాలి. అందుకే తీసుకెళ్లడానికి వచ్చే మిత్రుడు ఇంకేది మరిచినా ఫరవాలేదు, తన పిల్లలు వాడి వదిలేసిన కారు సీట్లను మాత్రం మరవకూడదు. మొన్నటిదాకా నాన్న స్కూటర్ ముందు నిలబడి కూకట్‌పల్లి ట్రాఫిక్‌ను చూసిన పిల్ల, ఈ బందోబస్తు ఏమిటో అర్థం కాక ఏడుపు లంకించుకుంటుంది. ఏడుస్తూనే నిద్రపోతుంది. కళ్లు తెరిచేసరికి ఇర్వింగ్.

విమానాశ్రయాన్ని ఆనుకునే ఉన్న ఊరు ఇది. 2020 జనగణన ప్రకారం జనాభా రెండున్నర లక్షల పైచిలుకు. డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు 1971 నుంచి 2008 దాకా ఆడిన స్టేడియం ఇక్కడే ఉండేది, 2010 ఏప్రిల్‌లో దాన్ని పేల్చి పడగొట్టారు. ఆ జ్ఞాపకాలతో తెలుగువారికి పనిలేదు. వారి లెక్కలో ఇర్వింగ్ అంటే ఆఫీసులు దగ్గర, పప్పులూ కరివేపాకూ దొరికే షాపులు దగ్గర, ఏక్తా మందిర్ దగ్గర. సొంతిల్లు కొనే స్తోమత వచ్చాక ఉత్తరాన ఫ్రిస్కో వైపు కదలాలని కలలు కనేవారికి ఇది మొదటి మజిలీ. భర్త సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, భార్య హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చింది, అక్టోబరులో ఆరు నిండే అమ్మాయి, నాలుగేళ్ల అబ్బాయి. ఇర్వింగ్ అపార్ట్‌మెంట్లలో ప్రతి ఆగస్టులోనూ కనిపించే కుటుంబమే.

సోమవారం నుంచి భర్తకు ఆఫీసు. అతనికి ఈ ఊరంటే ఒక ఇల్లు, ఒక క్యూబికల్, మధ్యన హైవే. ఊరిని కనిపెట్టే బాధ్యత మిగతా ముగ్గురి మీద పడుతుంది. అందులో మొదటి ఘట్టం బడి.

స్కూలువారు అడిగే కాగితాలు ఎక్కువేమీ కాదు. ఆ పరిధిలోనే ఉంటున్నట్టు రుజువు, పుట్టిన తేదీ సర్టిఫికెట్, టీకాల కార్డు. చిక్కంతా టీకాల కార్డుతోనే. మన డాక్టరు 05-07 అని రాస్తే జులై 5. అక్కడి గుమాస్తా చదివితే మే 7. ఈ తిరకాసుతో రెండు డోసుల మధ్య ఉండాల్సిన వ్యవధి కాస్తా లెక్క తప్పుతుంది. హెపటైటిస్-ఏ, ఆటలమ్మ టీకాలు టెక్సస్‌లో తప్పనిసరి. మన ప్రభుత్వ టీకాల పట్టికలో అవి లేవు, ప్రైవేటుగా వేయించుకుంటేనే ఉంటాయి. పుట్టగానే భుజం మీద వేసే బీసీజీ అమెరికాలో మామూలుగా వెయ్యరు. ఎవరైనా క్షయ చర్మపరీక్ష చేస్తే, ఆ పాత టీకా పుణ్యాన చెయ్యి వాచి ఇంటిల్లిపాదీ కంగారు పడొచ్చు. రక్తపరీక్ష చేయించుకుంటే ఆ గొడవ ఉండదు.

స్కూలు అడగనిది మాత్రం వీసా గురించి. దాని వెనక పెద్ద కథే ఉంది. చట్టబద్ధంగా దేశంలోకి రాని పిల్లల చదువుకు ప్రభుత్వ నిధులు ఆపేసేలా 1975లో టెక్సస్ చట్టం చేసింది. డాలస్‌కు తూర్పున ఉన్న టైలర్ పట్టణంలో బడివారు అలాంటి పిల్లల నుంచి ఫీజు అడిగారు. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1982 జూన్ 15న అయిదుగురు న్యాయమూర్తులు పిల్లల వైపు, నలుగురు రాష్ట్రం వైపు నిలిచారు. ఒక్క ఓటు తేడాతో దక్కిన హక్కు అది. హెచ్-4 వీసా మీద దర్జాగా వచ్చిన తెలుగు పిల్లలకు ఆ తీర్పు అవసరం లేకపోవచ్చు. కానీ తరగతిలో వారి పక్కన కూర్చునే పిల్లల్లో కొందరు దాని చలవతోనే అక్కడ ఉన్నారు.

తల్లిదండ్రులకు తగిలే మొదటి దెబ్బ వయసు లెక్క. సెప్టెంబరు 1 నాటికి అయిదు నిండితే కిండర్‌గార్టెన్, ఆరు నిండితే ఒకటో తరగతి. నెల తేడాతో అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో పడుతుంది. హైదరాబాద్‌లో యూకేజీ ముగించి, నాలుగు గీతల కాపీ పుస్తకంలో కలిపిరాత రాసి, రెండంకెల కూడికలు చేసిన పిల్ల ఇక్కడ మళ్లీ చెక్కముక్కలు పేర్చుతుంది. ఏడాది నష్టమైందని తండ్రి బాధ. అమ్మాయి మాత్రం హోంవర్కు లేని సంగతి కనిపెట్టి, ఈ దేశం మంచిదని మొదటి రోజే తేల్చేస్తుంది.

ఇక అసలు ప్రశ్న. టెక్సస్ బడిలో కొత్తగా చేరే ప్రతి పిల్లకూ ఒక చిన్న పత్రం నింపాలి. ఇంట్లో ఏ భాష వాడతారు? పిల్ల ఏ భాష మాట్లాడుతుంది? అపార్ట్‌మెంట్ లిఫ్టులో కలిసిన సీనియర్లు అప్పటికే చెవిలో వేసి ఉంటారు: ‘‘ఇంగ్లీషు అని రాసేయండి. తెలుగు అని రాశారా, పరీక్ష పెట్టి వెనకబడిన పిల్లల్లో పడేస్తారు.’’ తెలుగులో చెప్పిన ఈ సలహా విని, తెలుగులోనే చర్చించుకుని, భార్యాభర్తలు ఇంగ్లీషు అని రాస్తారు.

ఆ భయంలో అసలు నిజం లేదని కాదు. ఇంగ్లీషు నేర్చుకుంటున్న విద్యార్థిగా నమోదైతే టెల్పాస్ అనే పరీక్ష ఏటా రాయాలి, నిర్ణీత స్థాయి అందుకునే దాకా. కానీ ఆ ప్రశ్న పుట్టింది పిల్లలను వెనక్కి నెట్టడానికి కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనా పిల్లలను ఊరికే తరగతిలో కూర్చోబెడితే సరిపోదని, వారికి పాఠం అర్థమయ్యే ఏర్పాటు చెయ్యాలని 1974లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ ఇంట్లో ఏ భాషో తెలిస్తేనే కదా ఏర్పాటు చేసేది. పరీక్షలో పిల్లకు ఇంగ్లీషు వచ్చని తేలితే మామూలు తరగతే. రాదని తేలినా, ప్రత్యేక బోధన వద్దని చెప్పే హక్కు తల్లిదండ్రులకు ఉంది. అలాంటప్పుడు అబద్ధంతో ఒరిగేదేమిటి? స్పెల్లింగులన్నీ వచ్చిన హైదరాబాద్ పిల్లకు టెక్సస్ టీచరమ్మ గబగబా చెప్పే కథ సగమే అర్థమవుతుంది. మిగతా సగం కోసం సాయం చేసే మనిషిని ముందే వద్దని పంపేసింది ఎవరు?

విచిత్రం ఏమిటంటే, ఇదే ఇంట్లో నాలుగేళ్ల అబ్బాయికి ఈ నిజమే డబ్బు మిగిల్చిపెడుతుంది. టెక్సస్‌లో నాలుగేళ్ల పిల్లలకు ప్రీ-కె అనే ఉచిత తరగతి అందరికీ ఉండదు. పేద పిల్లలు, సైనికుల పిల్లలు వంటి కొన్ని వర్గాలకే. ఆ జాబితాలో ఇంగ్లీషు మాట్లాడలేని, అర్థం చేసుకోలేని పిల్లలు కూడా ఉన్నారు. అంటే అక్కకు దాచిపెట్టిన తెలుగే తమ్ముడికి బడి తలుపు తెరవగలదు. ఈ సంగతి తెలియక ప్రైవేటు డేకేర్‌కు నెలనెలా వందల డాలర్లు కట్టే ఇళ్లున్నాయి.

అమెరికా ఇళ్లలో మాట్లాడే భాషల లెక్క చూస్తే 2010-17 మధ్య తెలుగు 86 శాతం పెరిగిందని, అన్నిటికన్నా వేగంగా పెరిగిన పెద్ద భాష అదేనని 2018లో ఒక విశ్లేషణ వెలువడింది. తెలుగు సంఘాలు దాన్ని పండగ చేసుకున్నాయి. జనగణన విభాగం సర్వేలో గర్వంగా తెలుగు అని రాసుకునే జాతే స్కూలు పత్రం దగ్గరకు వచ్చేసరికి ఎందుకు తడబడుతుందో ఆ సంఘాలు ఆలోచించాలి. 2007లో మొదలైన మనబడి వంటి ఆదివారపు తరగతుల్లో అ, ఆలు దిద్దించడం మంచి పనే. సోమవారం ఉదయం ఇంటి భాష పేరు చెప్పడానికి జంకితే ఆ దిద్దుడు ఎంతకాలం నిలుస్తుంది?

బడి మొదలయ్యాక ఊరు ఒక్కొక్క పొరా విప్పుతుంది. పసుపుపచ్చ బస్సు ఆగి ఎర్రలైట్లు వెలిగించి, పక్కనుంచి ‘స్టాప్’ పలక చాపగానే రోడ్డుకు రెండువైపులా బండ్లు ఆగిపోతాయి. మధ్యలో డివైడర్ ఉన్న హైవే అయితే తప్ప ఎదురుగా వచ్చే భారీ ట్రక్కు కూడా కదలదు. చిన్న సంచీ తగిలించుకున్న తన పిల్ల కోసం ఒక వీధి మొత్తం నిలబడటం చూసిన తల్లికి, ఈ దేశం మీద మొదటిసారి కాస్త నమ్మకం కుదురుతుంది.

లైబ్రరీని కనిపెట్టేది కూడా పిల్లలే. బొమ్మల పుస్తకాలు, నేల మీద కూర్చోబెట్టి కథ చదివే ఆంటీలు, ఎండకు తప్పించుకోవడానికి ఏసీ. స్థానికంగా ఉంటున్నట్టు రుజువు చూపితే కార్డు ఉచితం. ఆ కార్డు విలువ తల్లికే ఎక్కువ తెలుస్తుంది. పని చేసే హక్కు లేనిదే సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. హెచ్-4 భార్యకు 2015 మే నుంచి ఆ హక్కు ఇస్తున్నారు గానీ, సాధారణంగా భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఐ-140 ఆమోదం పొందాకే. కొత్తగా వచ్చినవారికి అది చాలా దూరం. టెక్సస్‌లో డ్రైవింగ్ లైసెన్సు సంపాదించినా వీసా గడువుతో పాటే దాని గడువూ తీరుతుంది. ఎవరి భార్య అని అడగకుండా ఆమె పేరు మీద వచ్చిన మొదటి అమెరికా కార్డు ఆ లైబ్రరీదే.

శనివారాలు తండ్రీ కలుస్తాడు. లాస్ కొలినాస్‌లో, రాతి మైదానం మధ్య నీళ్లు చిమ్ముతూ పరిగెత్తే తొమ్మిది కంచు గుర్రాలు. రాబర్ట్ గ్లెన్ అనే శిల్పి చేతిలో రూపుదిద్దుకుని 1984లో కొలువుదీరాయి, నిజం గుర్రాల కన్నా ఒకటిన్నర రెట్లు పెద్దవి. అబ్బాయి వాటిని వదిలి రాడు. మరో వారం థామస్ జెఫర్సన్ పార్కు. అక్కడ నడుస్తున్నట్టు నిలుచున్న గాంధీ విగ్రహాన్ని చూసి ‘‘అమ్మా, నోటు మీది తాతయ్య!’’ అని అరుస్తాడు. తోటకూర ప్రసాద్ నాయకత్వంలో అక్కడి భారతీయులు నిధులు పోగుచేసి నిలబెట్టిన విగ్రహమది. 2014 అక్టోబరు 2న ఆవిష్కరించారు. విదేశంలో విగ్రహాలు పెట్టడం మనవారికి సరదా అని ఎగతాళి చేసేవారు, ఆ నాలుగేళ్లవాడి ముఖం చూడాలి.

భయపెట్టేవీ ఉన్నాయి. డాలస్ నగరంలో నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం 12 గంటలకు సుడిగాలి హెచ్చరిక సైరన్లు పరీక్షిస్తారు. తెలియనివారికి యుద్ధం వచ్చినట్టే ఉంటుంది. బెదిరిన తల్లికి ధైర్యం చెప్పేది అమ్మాయే. బడిలో వరండా గోడవైపు తిరిగి, మోకాళ్ల మీద వంగి, తల మీద చేతులు పెట్టుకోవడం నేర్పారని హాల్లో చేసి చూపిస్తుంది. అది ఆట కాదు. 2019 అక్టోబరు 20 రాత్రి ఉత్తర డాలస్‌ను నిజంగానే సుడిగాలి చీల్చుకుంటూ పోయింది.

అక్టోబరు 31 సాయంత్రం హాలోవీన్. రెండున్నర నెలలుగా మూసిన తలుపులే చూసిన కుటుంబం ఆ పూట పిల్లల చేతిలో బుట్టతో ఇంటింటికీ తిరుగుతుంది. గుమ్మం దీపం వెలిగించి ఉంటే రావచ్చని అర్థం. ఎదురింటాయన మెక్సికో నుంచి వచ్చాడని, పై అంతస్తు ముసలావిడ ఒంటరిదని అప్పుడే తెలుస్తుంది. తండ్రికి ఆఫీసు బయట పరిచయమైన మొదటి మనుషులు వీరే, అదీ పిల్లల చాక్లెట్ల పుణ్యాన.

ఇంత త్వరగా వేళ్లూనుకునే పిల్లల కింద నేల మాత్రం అద్దెదే. హెచ్-1బి మూడేళ్లకోసారి పొడిగించుకోవాలి. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న నిబంధన వల్ల భారతీయుల వరస దశాబ్దాలు సాగుతుంది. ఆ లోగా పిల్లకు 21 నిండితే హెచ్-4 చెల్లదు. కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుం అంటూ 2025 సెప్టెంబరు 19న ప్రకటన వెలువడగానే, సెలవుకు ఇండియా వచ్చినవారు పెట్టెలు సర్దుకుని విమానాశ్రయాలకు పరుగెత్తారు. ఇప్పటికే వీసా ఉన్నవారికి వర్తించదని మర్నాడు చెప్పారు గానీ, ఆ ఒక్క రాత్రిలో ఎన్ని ఇళ్లలో పిల్లల బడి గురించి గుసగుసలు సాగాయో! సొంత ఊరని పిల్లలు నమ్మేసిన చోట తల్లిదండ్రులు ఇంకా అతిథులే.

నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారాలను గంట వెనక్కి తిప్పుతుంది. ఉదయం ఏడున్నరకు బడికి వెళ్లే ముందు పిల్లలు ఖమ్మంలో అమ్మమ్మకు ఫోన్ చేస్తారు, అక్కడ సాయంత్రం ఆరు. సోమవారం ఆరింటికి రావాల్సిన ఫోను ఏడింటికి వస్తుంది. ‘‘గంట నుంచి ఫోను పట్టుకుని కూర్చున్నానే, ఏమైంది తల్లీ?’’

‘‘ఇక్కడ గడియారం వెనక్కి తిప్పారు అమ్మమ్మా.’’

‘‘గడియారాన్ని తిప్పుడేందే? ఏడింటికి నా సీరియల్ గదా!’’

బేరం సాగుతుంది. పిల్ల అరగంట ముందు నిద్రలేచి ఏడింటికే ఫోన్ చెయ్యాలి, అప్పుడు ఖమ్మంలో ఆరున్నర. ఏడయ్యాక ఇంకా కబుర్లు మిగిలితే, సీరియల్ మొదటి పది నిమిషాలూ అమ్మమ్మ వదులుకోవాలి.