చలికాలపు కడలియొడ్డున కుటీరవాసము



బ్రిటనులో కాపురముండు మన తెలుగు కుటుంబములలో కొందఱికి డిసెంబరు సెలవులు సమీపించిన కొలది, నగరపు సందడి విడిచి స్కాట్లండు వాయవ్యతీరమున నొక కుటీరము అద్దెకు దీసికొని వారము దినములు గడపవలెనను కోరిక కలుగును. కోరిక మంచిదే, కాని వేసవి యాత్రకు జేయు సన్నాహము దీనికి చాలదు. అసింట్ ప్రాంతమందలి లాకిన్‌వర్ గ్రామమును దృష్టాంతముగా గొని, ముందు యోచింపవలసిన సంగతులు వ్రాయుచున్నాను.

మొదటిది పగటి పరిమాణము. డిసెంబరు మూడవ వారమున నచ్చట సూర్యుడు ఉదయము సుమారు 9 గంటలకు బొడమి, మధ్యాహ్నము 3½ గంటలకే క్రుంకును. ఇన్వర్నెస్ పట్టణమునుండి లాకిన్‌వర్‌కు రెండు గంటలకు పైబడిన ప్రయాణము. కావున మధ్యాహ్నము కాకమునుపే ఇన్వర్నెస్ విడువవలెను. గ్రామము దాటిన పిదప త్రోవలు పెక్కు ఒక్క బండి పట్టునంతటివే. ఎదురుబండికి దారి యిచ్చుటకై నడుమ నడుమ తావు లేర్పఱచియుందురు. అవి విశ్రమించుటకు గావు. చలికాలమున దుప్పులు మేతకై కొండ దిగి రోడ్డుమీదికి వచ్చును గాన, చీకటిలో తొందరపాటు ప్రాణాపాయకరము.

రెండవది కుటీరమును ఎన్నుకొనుట. స్కాట్లండులో ఇట్టి యిండ్లకు అనుమతిపత్రము ఉండవలెనని చట్టము. దాని సంఖ్య ప్రకటనలో కనబడవలెను. అది లేని యిల్లు ఎంత చౌకయైనను వలదు. యజమానికి వ్రాయునపుడు, ఇల్లు వెచ్చజేయునది విద్యుత్తా, నూనెయా, కట్టెలా, ఆ ఖర్చు అద్దెలో చేరియున్నదా యని విచారింపుడు. కట్టెలు, బొగ్గు కాల్చు పొయ్యివలన కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టవచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారిని నిద్రలోనే చంపగలదు. పొయ్యి గల గదిలో దీనిని కనిపెట్టు గంట యుండవలెనని 2022 ఫిబ్రవరి 1 నుండి అచ్చట శాసనము. చేరిన వెంటనే అది పనిచేయుచున్నదో లేదో చూచుకొనుడు.

మూడవది వంటయిల్లు. పెద్ద అంగడికై ఉల్లాపూల్‌కు బోవలెనన్న 37 మైళ్లు. బియ్యము, కందిపప్పు, చింతపండు, పోపుడబ్బా ఇంటినుండియే కొనిపొండు. మన యెండుమిరప పోపు పొగకు ఆ చిన్న యిండ్లలో పొగగంట మ్రోగక మానదు. కిటికీ తెఱచి పోపు వేయుడు గాని, గంటను మాత్రము ఊడదీయకుడు.

నాలుగవది తుపాను. 2021 నవంబరులో ఆర్వెన్ అను గాలివాన స్కాట్లండు ఈశాన్యమునను ఉత్తర ఇంగ్లండునను వీచినపుడు కొన్ని యిండ్లకు వారమునకు పైగా విద్యుత్తు లేకపోయెను. కావున అటుకులు, పేలాలు, రొట్టె, ఎండుఫలములు, టార్చిదీపములు వెంట నుండవలెను. విద్యుత్తు పోయినచో 105 సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. ఆ తీరమున మంచుకంటె వాన గాలులే హెచ్చు గనుక, బరువైన ఉన్నికోటుకంటె నీరు దిగని పై అంగీ మేలు.

అయిదవది సముద్రము. అక్మెల్విక్ వద్ద తెల్లని యిసుక చూడ ముచ్చటగా నుండును. కాని చలికాలపు అల చెప్పి రాదు. ఆటుపోటుల వేళలు తెలిసికొని, కడలికి వెన్ను చూపక, తడిసిన బండలపైకి బిడ్డలను పోనీయక మెలగవలెను. ఆపద కలిగినచో 999కి పిలిచి తీరరక్షకదళమును కోరవలెను.

ఇక ముఖ్యమైన మాట. స్వదేశమునుండి వచ్చిన అత్తగారో, తల్లిగారో ఉబ్బసముతోనో గుండెజబ్బుతోనో బాధపడుచున్నచో, పెద్ద ఆసుపత్రి ఇన్వర్నెస్‌లోనే యున్నదని మఱువకుడు. వైద్యుని యడిగి, మందులు రెండు వారములకు సరిపడ తీసికొని పోవలెను. వలదన్నచో యాత్ర వసంతమునకు వాయిదా వేయుటయే వివేకము. పెద్దల సంతోషమునకై బయలుదేరి వారి ప్రాణమునకు ముప్పు తెచ్చుట తగదు.

మఱియొకటి. ఇన్ని సన్నాహములును ఇల్లాలి తలమీదనే పడినచో, ఆమెకు వంటయిల్లు మాఱినదే గాని సెలవు దొరకినది కాదు. బయలుదేరకముందే పనుల పట్టిక వ్రాసి, కట్టెలు తెచ్చుట, గిన్నెలు కడుగుట, పూటవంట పురుషులకును ఎదిగిన బిడ్డలకును పంచిపెట్టుడు. మొగమోట పడనక్కఱలేదు. సెలవు ఇంటిల్లిపాదికిని అన్నప్పుడు, ఇల్లాలును ఆ యింటిలోనిదే గదా!