తప్పంతా నీళ్లదేనా?

కనిగిరి పల్లెల్లో పంటి మీద గోధుమరంగు మచ్చ కనిపిస్తే ఎందుకని ఎవరూ అడగరు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి చిన్నపిల్లలకీ తెలుసు. ఇది నిన్నమొన్నటి మాటా కాదు. మనదేశంలో ఫ్లోరోసిస్ మీద తొలి శాస్త్రీయ నివేదిక 1937లో వెలువడింది... నెల్లూరు జిల్లా గురించే! రాసింది షార్ట్, పండిట్, రాఘవాచారి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి ఆ నెల్లూరులోదే.

చిక్కేమిటంటే, నోట్లో ఏం జరిగినా నీళ్ల ఖాతాలోనే రాసేస్తుంటారు. తోముకుంటే రక్తం వస్తోందా? నీళ్లు. నోరు వాసనా? నీళ్లు. నలభై ఏళ్లకే పన్ను కదులుతోందా? ఇంకేముంది, నీళ్లే!

ఫ్లోరైడ్ మచ్చ పడేది చిన్నప్పుడే. శాశ్వత దంతాలు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగుతూ ఉంటే ఎనామిల్ దెబ్బతింటుంది. పెద్దయ్యాక కొత్తగా రాదు. రక్తం కారడానికి ప్రధాన కారణం వేరు... పాచి. పంటి మొదట్లో పేరుకునే ఈ మెత్తని పొర బ్యాక్టీరియా కాపురం. తీయకపోతే కొద్దిరోజుల్లోనే లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గారవుతుంది. ఇక బ్రష్‌కు లొంగదు. చిగురు ఎర్రబడి వాస్తుంది, తాకితే రక్తం. ఈ దశలో శుభ్రం చేయిస్తే చిగురు మళ్లీ మామూలవుతుంది. ఉపేక్షిస్తే పన్నుకీ చిగురుకీ మధ్య సందు లోతవుతూ, పన్నును పట్టి ఉంచే ఎముకే కరిగిపోతుంది. పెద్దగా నొప్పి ఉండదు. అదే అసలు ప్రమాదం.

మచ్చ పోవాలని ఇటుకపొడి, బొగ్గు వేసి రుద్దేవాళ్లున్నారు. లోపలి మచ్చ పోదు సరికదా, ఎనామిల్ అరుగుతుంది, చిగురు కిందికి జారుతుంది. మెత్తని బ్రష్‌తో రెండుపూటలా రెండేసి నిమిషాలు తోమితే చాలు. పళ్ల మధ్య సందుల్నీ మరవకూడదు.

పొగాకు పండే నేల కదా, ఆ మాటా చెప్పుకోవాలి. చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవాళ్లకి చిగుళ్ల నుంచి రక్తం తక్కువే వస్తుంది. ఆరోగ్యంగా ఉండి కాదు, జబ్బు ఆనవాలు మరుగునపడి! లోపల ఎముక మాత్రం మిగతావాళ్లకంటే వేగంగా కరుగుతుంది. మధుమేహం ఉన్నవాళ్లకీ చిగుళ్ల జబ్బు ముప్పు ఎక్కువే. చిగుళ్లు పాడైతే షుగరూ ఓ పట్టాన అదుపులోకి రాదు.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న భయమొకటి. గార పోయాక అది నింపిన ఖాళీ బయటపడుతుందంతే. ఎముక అంతకుముందే తగ్గి ఉంటుంది.

మరి ఫ్లోరైడ్ ఊళ్లో ఫ్లోరైడ్ పేస్టు వాడొచ్చా? తోమి ఉమ్మేసే పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు. మింగేసే పిల్లలతోనే జాగ్రత్త. మూడేళ్లలోపు వాళ్లకు బియ్యపు గింజంత, ఆపైన ఆరేళ్లదాకా బఠాణీ గింజంత పేస్టు, అదీ పెద్దవాళ్లు పక్కనుండి ఉమ్మించాలి. నీళ్లలో ఫ్లోరైడ్ బాగా ఎక్కువున్న ఊరైతే ఏ పేస్టు వాడాలో డాక్టర్నే అడగాలి.