వరిగింజలో పిండి: తూకానికి అందని గుణం

వరి, మొక్కజొన్న, గోధుమ, బంగాళాదుంప వంటి పంటల్లో మనిషి కడుపు నింపేది ప్రధానంగా పిండిపదార్థమే అయినా, అది అన్ని పంటల్లోనూ, ఆ మాటకొస్తే ఒకే పంటలోని అన్ని వంగడాల్లోనూ, ఒకే తీరుగా ఉండదు. గ్లూకోజ్ అణువులు గొలుసుకట్టుగా కలిసి ఏర్పడే ఈ పదార్థంలో, కొమ్మలు దాదాపు లేకుండా సాగే అమైలోజ్, చెట్టులా కొమ్మలు విచ్చుకునే అమైలోపెక్టిన్ అని రెండు రకాలుంటాయి. అన్నం పొడిపొడిగా ఉంటుందా ముద్దకడుతుందా, చల్లారాక బిరుసెక్కుతుందా, తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుంది అన్నవి చాలావరకు ఈ రెంటి పాళ్లను బట్టి ఉంటాయి. కోసిన గింజపై పలచని అయోడిన్ చుక్క వేస్తే ఈ తేడా కంటికే కనిపిస్తుంది: మామూలు బియ్యం నల్లని నీలిరంగుకు తిరుగుతుంది, అమైలోజ్ దాదాపు లేని జిగురు బియ్యం ఎరుపు కలిసిన గోధుమరంగు తేలుతుంది.

గింజలో అమైలోజ్‌ను అల్లే ఎంజైమ్‌కు ఆధారం వ్యాక్సీ అనే జన్యువు. జపాన్, చైనా ప్రాంతాల్లో ఇష్టపడే మెత్తని బియ్యంలో అమైలోజ్ తక్కువగా ఉండటానికి కారణం ఈ జన్యువులో ఒకేఒక్క అక్షరం మారడమే. ఆ మార్పును శాస్త్రం పేరైనా తెలియని రైతులు, తమ నోటికి నచ్చిన గింజను ఏటా విత్తనానికి దాచుకుంటూ, వేల ఏళ్ల కిందటే నిలబెట్టారు. మెండెల్ వంశపారంపర్య సూత్రాలను రాబట్టిన ముడతల బఠాణీ కథా ఇలాంటిదే. పిండి గొలుసులకు కొమ్మలు వేసే ఎంజైమ్ జన్యువులోకి మరో డీఎన్ఏ ముక్క చొరబడి దాన్ని పాడుచేసిందని 1990లో తేలింది: పిండి సరిగా తయారుకాక గింజలో చక్కెర మిగిలిపోతుంది, ఆ చక్కెర నీటిని ఎక్కువగా లాగుతుంది, ఎండినప్పుడు ఆ నీరంతా పోయి తొక్క ముడతలు పడుతుంది.

నేటి ప్రయోగాల్లో అసలు చిక్కు కూడా ఆ బఠాణీలోనే ఉంది. కొమ్మలు వేసే ఎంజైమ్‌ను వరిలో అణచివేస్తే, పెద్దపేగు దాకా జీర్ణం కాకుండా వెళ్లే పిండి పెరుగుతుంది, చక్కెర వ్యాధి ఉన్నవారికి అది మేలు చేస్తుంది. కానీ అదే మార్పు గింజ బరువును తగ్గిస్తుంది, అన్నాన్ని గట్టిపరుస్తుంది. ఆరోగ్యం పేరుతో తినలేని అన్నం పెట్టినా, నష్టపడి పండించమని రైతుకు చెప్పినా ఆ విజ్ఞానం ప్రయోగశాల గడప దాటదు.

ఈ చిక్కు తీరనిదేమీ కాదని తెలుగు నేలలోని రెండు వంగడాలు గట్టిగా చెబుతున్నాయి. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరికి బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను, జన్యుమార్పిడితో కాకుండా డీఎన్ఏ గుర్తుల సాయంతో సాగిన సంకరణం ద్వారా, హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చేర్చారు. 2008లో విడుదలైన ఆ మెరుగైన సాంబ మసూరి గ్లైసీమిక్ సూచిక, అంటే తిన్న ఆహారం రక్తంలో చక్కెరను పెంచే వేగానికి కొలత, సుమారు 51 అని తర్వాతి పరీక్షల్లో తేలింది. 55కు మించకపోతే దాన్ని తక్కువగా లెక్కిస్తారు. రాజేంద్రనగర్‌లో రూపొందిన తెలంగాణ సోనా కూడా ఇంచుమించు అదే స్థాయిలో ఉంది. ఈ రెండూ తెలుగువారు ఇష్టంగా తినే సన్నబియ్యమే, అమైలోజ్ రెండింటిలోనూ మధ్యస్థమే. మెతుకు మెత్తదనానికీ చక్కెర పెరిగే వేగానికీ ముడి విడదీయరానిది కాదన్న ఈ సంగతికి దక్కాల్సిన శ్రద్ధ ఇంకా దక్కలేదు.

మార్పు ఎంత కచ్చితంగా ఉన్నా జనం ఒప్పుకోలు, కొనేవాడు లేకపోతే పంట నిలవదు. కాగితం, జిగురు పరిశ్రమల కోసం అమైలోజ్ లేకుండా జన్యుమార్పిడి చేసిన ఆమ్‌ఫ్లోరా బంగాళాదుంపకు 2010లో ఐరోపా సమాఖ్య అనుమతి లభించినా, వ్యతిరేకత తట్టుకోలేక కంపెనీ 2012లోనే దాన్ని విరమించుకుంది. ఇతర జీవుల డీఎన్ఏ మిగలని జన్యుసవరణ మొక్కలకు భారత ప్రభుత్వం 2022 మార్చిలో కఠిన నిబంధనల నుంచి మినహాయింపు ఇవ్వడంతో ఇక్కడ దారి కొంత సుగమమైంది. 2025 మేలో ప్రకటించిన కమల వరి, సాంబ మసూరిలోనే గింజల సంఖ్యను నియంత్రించే జన్యువును సవరించి తెచ్చినది. దిగుబడి కోసం వాడిన ఆ జన్యుసవరణ కత్తెరనే పిండిపదార్థం జన్యువుల మీదా, కొమ్మల ఎంజైమ్‌ను పూర్తిగా తెంచేయకుండా దాని పనిని కొద్దిగా తగ్గించేలా, వాడవలసిన అవసరం అన్నమే ప్రధానాహారమైన రెండు తెలుగు రాష్ట్రాలకు ఎక్కువగా ఉంది.

అయితే అలాంటి గింజ పండినా ధాన్యం కొనుగోలు కేంద్రంలో దాన్ని గుర్తించేవారు లేరు. తేమ 17 శాతం దాటిందా, తాలు ఎంత అన్నది చూస్తారు. తెలంగాణలో సన్నాలకు క్వింటాలుకు ఇచ్చే 500 రూపాయల బోనస్‌కు గింజ పొడవు, వెడల్పులు కొలుస్తారు. మిల్లుకు చేరాక తక్కువ సూచిక ఉన్న ధాన్యం మిగతా సన్నాలతో కలిసిపోతే, ఆ వంగడం వెనుక ఉన్న ఏళ్ల శ్రమ అక్కడితో వృథా అవుతుంది. ఇలాంటి వంగడాలకు వేరు రాశి, వేరు సంచి, దానికి తగిన వేరు ధర ఉండాలి. విత్తన ధ్రువీకరణతో పాటు అమైలోజ్ పరీక్ష కూడా జరగాలి. ఆ పరీక్షకు మూలాధారం అదే అయోడిన్ రంగు, దాన్ని అంకెల్లోకి మార్చే పరికరం వ్యవసాయ విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల్లో ఉన్నదే.