పడ్డవాడి చోట మరొకడు

జూలై నెల వచ్చిందంటే మా స్టాఫ్ రూములో రెండు పార్టీలు. ఒక పార్టీకి నాయకులు ఫిజిక్సు మేష్టారు. రెండవ దానికి, వద్దు మొర్రో అంటున్నా వినక, నన్ను నాయకుణ్ణి చేశారు. తగువు రాజకీయాల గురించి కాదు. ఫ్రాన్సు దేశంలో జరిగే సైకిలు పందెం గురించి. తెలుగు మేష్టారికి సైకిలు పందెమేమిటని నవ్వకండి. పదిహేనేళ్ళు సైకిలు మీద కాలేజీకి వెళ్ళినవాణ్ణి. ఎదురుగాలి సంగతి నాకు ఏ ఫిజిక్సూ చెప్పనక్కరలేదు.

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. టూర్ ద ఫ్రాన్స్ అనే ఆ పందెం 1903లో మొదలైంది. ఇప్పుడు మూడు వారాలలో 21 అంచెలు, సుమారు 3,400 కిలోమీటర్లు. 2018 నుంచి జట్టుకు ఎనిమిది మంది. అందులో సాధారణంగా ఒకడు నాయకుడు. తక్కినవాళ్ళు వాడికి గాలి అడ్డం కాస్తూ, నీళ్ళ సీసాలు మోస్తూ వాడి కోసం తొక్కుతారు. ఏ రోజు కారోజు పట్టిన కాలం కూడుకుంటూ పోయి, చివరికి ఎవరి మొత్తం తక్కువైతే వాడు గెలిచినట్టు. మొదటి రోజు బయలుదేరాక ఎవడు పడి ఎముక విరిగినా సరే, వాడి చోట ఇంకొకణ్ణి దింపడానికి వీల్లేదు. పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళే కడదాకా లాగాలి.

ఇది న్యాయమా, కాదా? అదీ తగువు.

"న్యాయమే" అంటారు ఫిజిక్సు మేష్టారు. "మార్చుకోవచ్చు నన్నారంటే, రెండు వారాలు కొండలెక్కి సొమ్మసిల్లిన వాళ్ళ మధ్యకి, నిన్నటిదాకా ఇంట్లో హాయిగా పడుకున్నవాడు వచ్చి దిగుతాడు. మీ భారతంలో కర్ణుడు చేసిందేమిటండీ? భీష్ముడు పడేదాకా పది రోజులూ డేరాలో కూర్చుని, పదకొండో రోజున తాజాగా దిగలేదూ?"

నా కర్రతో నన్నే కొట్టారు. "దిగాడు సరే, గెలిచాడా?" అన్నాను గాని, అది సమాధానం కాదని నాకూ తెలుసు.

మా పార్టీవాళ్ళు మామూలుగా చెప్పే మాట జట్టుకు అన్యాయం జరుగుతోందని. దానికి 2021 నాటి ముచ్చట చెప్తారు. మొదటి రోజునే రోడ్డు పక్క నిలబడ్డ ఒకావిడ కెమెరాలో కనబడాలని అట్ట పట్టుకుని ముందుకు వంగింది. జంబో విస్మా జట్టువాడు దానికి తగిలి పడ్డాడు, వాడి వెనక గుట్టలు గుట్టలుగా కూలారు. ఆ జట్టు నాయకుడు మూడో రోజున పడి, వారం తిరక్కముందే తప్పుకున్నాడు. చివరికి ఎనిమిది మందిలో మిగిలింది నలుగురు. ఎంత అన్యాయం! కాని నిజం చెప్పాలి కదా. ఆ నలుగురిలో ఒకడు మొత్తం మీద రెండవవాడుగా వచ్చాడు. మరి ఇద్దరు కలిసి నాలుగు అంచెలు గెలిచారు. జట్టు మీద జాలిపడమంటే నాకూ నోరు రాలేదు.

పైగా ఎత్తులకు అంతుండదు. ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగులో 1965లో దెబ్బ తగిలినవాడికి మాత్రమే బదులు అన్నారు. రెండేళ్ళు తిరిగేసరికి ఎవరికైనా సరే అనేశారు. క్రికెట్టులో 2019లో తలకు దెబ్బ తగిలితే బదులు ఆటగాడు రావచ్చునన్నారు. 2020 డిసెంబరులో కాన్‌బెర్రాలో జడేజాకు బదులు వచ్చిన చాహల్ మూడు వికెట్లు తీసి, ఆ మ్యాచికి మేటి ఆటగాడయ్యాడు. ఆస్ట్రేలియా శిక్షకుడు రిఫరీతో వాదనకు దిగాడు. మనవాళ్ళు గెలిచారు కాబట్టి మా స్టాఫ్ రూములో ఆనాడు ఎవరికీ న్యాయమీమాంస గుర్తు రాలేదనుకోండి.

మరి నేనెందుకు ఇంకా ఈ పార్టీలో ఉన్నాను? జట్టు కోసం కాదు, పడ్డవాడి కోసం.

1956లో ఇటలీ దేశపు పందెంలో ఫియొరెంజో మాన్యీ అనే ఆయన భుజపుటెముక విరిగి కూడా మానలేదు. ఎడమచేత్తో హ్యాండిలు లాగలేక, దానికి ట్యూబు ముక్క కట్టి పళ్ళతో పట్టుకు లాగుతూ కొండెక్కాడు. రెండవవాడుగా వచ్చాడు. ఆ ఫొటో చూసి లోకమంతా చప్పట్లు కొడుతుంది. 2020లో ఫ్రెంచి వీరుడు రొమాన్ బార్దే పదమూడో అంచెలో తల తిరిగి తూలేలా పడి, మళ్ళీ ఎక్కి, మిగిలిన కొండలన్నీ తొక్కి గమ్యం చేరాడు. ఆ రాత్రి తల లోపల స్కాను తీస్తే కాస్త నెత్తురు కనిపించింది. దానికి ఎవరు చప్పట్లు కొడతారు?

నాకు ఒక పాత బాకీ ఉంది. కొన్నేళ్ళ క్రితం మా కాలేజీ కబడ్డీ జట్టును పోటీలకు తీసుకు వెళ్ళాను. పన్నెండుగురిని తీసుకుపోవచ్చు, ఖర్చు కలిసొస్తుందని ఏడుగురితో బయలుదేరాను. మొదటి ఆటలోనే ఒక కుర్రవాడి తల ఎదుటివాడి మోకాలికి కొట్టుకుంది. "ఎలా ఉందిరా?" అన్నాను. "ఏం ఫర్వాలేదు సార్" అన్నాడు. నాకు కావలసిన జవాబు అదే కనుక ఇంకో ప్రశ్న వెయ్యలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. దేవుడి దయవల్ల బాగుపడ్డాడు. "మరి అప్పుడే చెప్పలేదేంరా?" అంటే, "నేను కూర్చుంటే ఆరుగురే కదండీ" అన్నాడు.

ఆ ఐదుగురినీ ఇంటి దగ్గర వదిలిపెట్టింది నేను.

అందుకని నా షరతులు చిత్తగించండి. మొదటి వారంలో మాత్రమే బదులు. చెప్పవలసింది జట్టు డాక్టరు కాదు, పందెం డాక్టరు. విరిగిన ఎముకకూ, తల దెబ్బకూ తప్ప జ్వరాలకూ కడుపునొప్పులకూ వీల్లేదు. బదులు వచ్చినవాడికి కాలం లెక్కలేదు, బహుమానం లేదు. నీళ్ళు మొయ్యడం, గాలి కాయడం, అంతే. తప్పుకున్నవాడు నెల్లాళ్ళు మరో పందెంలో దిగరాదు. దొంగ దెబ్బల వారికి అది మందు.

ఫిజిక్సు మేష్టారు శ్రద్ధగా విని, "బార్దే పడింది పదమూడో రోజున కదండీ. మీ వారం రోజుల గడువు అతనికేం పనికొచ్చింది?" అన్నారు.

కాసేపు ఆలోచించి, ఎముకకు వారం గడువు ఉంచుతాను, తల దెబ్బకు గడువు ఎత్తేస్తాను అన్నాను.

"అదిగో, జారుతున్నారు. ఇంగ్లండు వాళ్ళూ అలాగే మొదలుపెట్టారు" అన్నారాయన.

జారుతున్న మాట నిజమే. గంట కొట్టారు, ఆయన లాబొరేటరీకీ, నేను బి.ఏ. క్లాసుకీ పోయాం.