సిసిలీలో తిండి లేదట!

సెలవులకి సిసిలీ వెళ్లొచ్చిన తెలుగువాళ్లు ఈమధ్య ఒకే పాట పాడుతున్నారు. సముద్రం బాగుంది, అగ్రిజెంతోలో గ్రీకు గుళ్లు బాగున్నాయి, ఎట్నా పొగలు కక్కుతుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాల్లేదు, కానీ తిండే లేదండీ! ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎవరింట్లోనో పుట్టినరోజు విందులో మొదలైన ఈ మాట డబ్లిన్‌లో దీపావళి దాకా, అక్కణ్నుంచి ఫోన్ల మీద హైదరాబాద్ దాకా పాకింది. విన్నవాళ్లు పాపం అంటూ తలాడిస్తారు. వచ్చే ఏడు వెళ్దామనుకున్నవాళ్లు పెట్టెలో కరెంటు కుక్కర్‌కి చోటు చూసుకుంటారు. ఇంతమంది ఇంత ధీమాగా చెప్పుకుంటున్న ఈ మాట పచ్చి అబద్ధం.

ఇంతకీ ఎవరీ సాక్షులు? కతానియాలో చేపల మార్కెట్‌కి నాలుగడుగుల దూరంలో అద్దెకి తీసుకున్న అపార్ట్‌మెంటు. పొద్దున్నే కింద వ్యాపారుల కేకలు. పైన వంటింట్లో కుక్కర్ మూత సందులోంచి సోనా మసూరి గంజి పొంగి గట్టు మీదికి కారుతుంటుంది. ఒకరు పులిహోర పేస్టు ప్యాకెట్‌ని పళ్లతో చింపుతుంటారు. ఇంకొకరు ఆవకాయ డబ్బాకి చుట్టిన మూడో ప్లాస్టిక్ సంచి విప్పుతుంటారు; నూనె అప్పటికే చొక్కాల దాకా దిగి ఉంటుంది. చేపల కంపు వస్తోందని కిటికీ మూసేస్తారు. పదిన్నరకి డబ్బాలు సర్దుకుని బయల్దేరి, ఒంటిగంటకి తావొర్మీనాలో గ్రీకు థియేటర్ గేటు పక్కన నిలబడి, పేపరు ప్లేట్లలో ఆ పులిహోరే తింటారు. సిసిలీ తిండి మీద తీర్పు చెబుతున్నది వీళ్లు.

అబ్బే, హోటల్‌కీ వెళ్లామంటారు కొందరు. వెళ్లారు, కాదనడానికి లేదు. చర్చి ముందు కూడలిలో, ఆరు భాషల్లో మెనూ వేలాడదీసిన చోట కూర్చుని మార్గరీటా పిజ్జా తెప్పించుకున్నారు. రాత్రికీ మార్గరీటానే. మర్నాడు మార్పు కోసం, కాస్త కారం తగులుతుందని అర్రబ్బియాతా పాస్తా. మార్గరీటా నేపుల్స్‌ది, అర్రబ్బియాతా రోము వైపుది. అంటే వారం తిరిగినా సిసిలీ ముద్ద ఒక్కటీ నోట్లో పడలేదన్నమాట!

పలెర్మోలో బల్లరో, కాపో మార్కెట్లలోకి వెళ్తే వేపుళ్ల కొట్లు ఉంటాయి. అక్కడ అమ్మే పనెల్లే దేంతో చేస్తారు? శనగపిండితో. చన్నీళ్లలో ఉండలు కట్టకుండా పిండి కలిపి, ఉప్పేసి, పొయ్యి మీద గరిటె ఆపకుండా తిప్పుతారు. ముద్ద గిన్నె అంచుల్ని వదిలాక పార్స్‌లీ తరుగు చల్లి, వేడి మీదే పల్చగా పరిచేస్తారు. ఆరాక ముక్కలు కోసి కాగే నూనెలో వదులుతారు. అంచులు కరకరలాడతాయి, నడిమి మెత్తగా ఉంటుంది. నువ్వులద్దిన బన్నుని చీల్చి, నాలుగు ముక్కలు లోపల పేర్చి, నిమ్మకాయ పిండి చేతికిస్తారు. శనగపిండి, నువ్వులు, నిమ్మకాయ, వేడి నూనె. వీటిలో తెలుగు నాలుకకి పరాయిదేదో ఎవరైనా చెబితే వినాలనుంది.

ఇక వంకాయ. 827లో అరబ్బులు మజారా రేవు దగ్గర దిగి, రెండు శతాబ్దాలకి పైగా ఈ ద్వీపంలో పాతుకుపోయారు. నిమ్మ, పుల్ల నారింజ, చెరకు వాళ్ల కాలంలోనే ఇక్కడి తోటల్లోకి వచ్చాయి. ఆసియాలో పుట్టిన వంకాయ కూడా మధ్యధరా తీరాలకి అరబ్బుల చేతుల మీదుగానే చేరింది. వచ్చిన వంకాయని సిసిలీ వాళ్లు ఇంటి అల్లుడిలా చూసుకున్నారు. కపొనాటా అనే కూరలో వంకాయ ముక్కల్ని విడిగా నూనెలో వేయిస్తారు. ఉల్లిపాయ, సెలెరీ, టమాటా మగ్గించి, పచ్చ ఆలివ్‌లు, ఉప్పులో ఊరబెట్టిన కేపర్ మొగ్గలు వేసి, చివర్లో వెనిగర్, పంచదార తగిలిస్తారు. వేడివేడిగా తింటే దాని సంగతి తెలియదు. చల్లారాక, వీలైతే మర్నాడు తినాలి. పులుపూ తీపీ అప్పటికి ముక్కలోకి దిగుతాయి. కతానియాకి వస్తే నోర్మా పాస్తా. వేయించిన వంకాయ, టమాటా, తులసికి చుట్టమైన బాసిల్ ఆకులు, పైన తురిమిన ఉప్పు రికొత్తా జున్ను. అదే ఊళ్లో పుట్టిన బెల్లీనీ స్వరపరచి, 1831లో మిలాన్‌లో తొలిసారి ఆడిన ‘నోర్మా’ ఒపెరా పేరే దీనికి పెట్టుకున్నారు. కూరకి సంగీత నాటకం పేరు పెట్టుకున్న ఊరికి వెళ్లి, పైన గదిలో కుక్కర్ టక్కుమనే చప్పుడు కోసం చెవులు రిక్కించే జనాన్ని ఏమనాలి?

పాస్తా అంటేనే మొహం చిట్లించేవాళ్లకి ఇంకో సంగతి. మార్కో పోలో చైనా నుంచి పాస్తా తెచ్చాడనే కట్టుకథని పార్టీల్లో ఇప్పటికీ గంభీరంగా చెప్పేవాళ్లున్నారు. అతను వెనిస్ తిరిగొచ్చింది 1295లో. సిసిలీని ఏలిన నార్మన్ రాజు రెండో రోజర్ కొలువులో అల్ ఇద్రీసీ అనే భూగోళ పండితుడు తన గ్రంథాన్ని 1154లో పూర్తి చేశాడు. పలెర్మోకి తూర్పున ఉన్న త్రాబియా అనే ఊళ్లో ‘ఇత్రియా’ అనే పిండి పోగులు విస్తారంగా తయారవుతున్నాయనీ, ఓడలకెత్తి ముస్లిం, క్రైస్తవ దేశాలకి పంపుతున్నారనీ అందులో రాశాడు. అంటే మార్కో పోలో తాతకి మీసాలు రాకముందే సిసిలీ పాస్తా ఎగుమతి చేస్తోంది. త్రాపానీ వైపు వెళ్తే మరీ విడ్డూరం. అక్కడి పండగ వంట కుస్కుసు. గోధుమ రవ్వ మీద నీళ్లు చిలకరిస్తూ, వెడల్పాటి మట్టి పళ్లెంలో వేళ్లతో సన్నని గింజలుగా తిప్పి, ఆవిరి మీద ఉడికించి, చేపల రసం పోసి పెడతారు. పక్కనున్న సాన్ వీతో లో కాపోలో 1998 నుంచి దీనికో ఉత్సవమే జరుగుతోంది. పిజ్జా తప్ప ఏమీ ఉండదు కదా అని జాలిపడేవాళ్లు ఈ పేరైనా విన్నారా?

అసలు చిక్కు రుచిలో లేదు, గడియారంలో ఉంది. సిసిలీలో కుటుంబాలు నడిపే ట్రాటోరియా హోటళ్లలో వంట పన్నెండున్నరకో ఒంటిగంటకో మొదలై రెండున్నర, మూడు దాటాక ఆగిపోతుంది. మళ్లీ పొయ్యి వెలిగేది రాత్రి ఏడున్నర, ఎనిమిదికి. మన యాత్రికుడు మధ్యాహ్నమంతా ఎండలో గుళ్లు చూసి సరిగ్గా నాలుగింటికి ఆకలితో తలుపు తడతాడు. కుర్చీలు బల్లల మీదికి ఎక్కించి ఉంటాయి. ఇక చూడాలి ఆ కోపం! సోమరిపోతులంటాడు, వ్యాపారం చేతకాని మనుషులంటాడు, ఫోన్ తీసి అక్కడికక్కడే ఒక స్టార్ ఇస్తాడు. ఇదే మనిషి విజయవాడ మెస్‌లో సాయంత్రం నాలుగింటికి భోజనం అడిగి, ‘అయిపోయిందండీ, టిఫినుంది’ అంటే నోరు మూసుకుని పెసరట్టు తినొస్తాడు. అక్కడ మెస్ ఓనర్ సోమరి కాడు, ఇక్కడ మాత్రం సోమరి. పొద్దున తెరిచి, మధ్యాహ్నం మూసి, తిరిగి రాత్రి పదకొండు దాకా నిలబడే కుటుంబాలవి. మధ్యలో నాలుగు గంటలు నడుం వాల్చుకుంటే యాత్రికుల హక్కులకి భంగం వాటిల్లుతుందట.

తరవాతి ఫిర్యాదు కొపెర్తో. మనిషికి ఒకటి నుంచి మూడు యూరోల దాకా, బల్ల మీద గుడ్డ, రొట్టె బుట్ట, చెంచాల కోసం బిల్లులో కలిపే రుసుము. ‘కూర్చున్నందుకు డబ్బా?’ అని గొడవ. మోసమే అయితే మెనూలో అచ్చు వేసి ఎందుకు చెబుతారు? ఇటలీలో దాన్ని నిషేధించారు తెలుసా అని వెయిటర్‌ని దబాయించే పండితులూ ఉన్నారు. నిషేధించింది రోము ఉన్న లాజియో ప్రాంతం, 2006లో, తన హద్దుల వరకు. ఆ చట్టానికీ సిసిలీకీ సంబంధం లేదు. డల్లాస్‌లో బిల్లు మీద 18 శాతం, 20 శాతం టిప్పు కిమ్మనకుండా రాసే చెయ్యి కతానియాలో రెండు యూరోల దగ్గర వణుకుతుంది. టిప్పు ఇక్కడ తప్పనిసరి కాదన్న విషయం మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పరు. ఫ్రీజర్‌లోంచి తీసి వండిన వంటకం పేరు పక్కన చుక్క గుర్తు పెట్టి, అడుగున ఆ సంగతి రాసే అలవాటు ఇటలీ మెనూల్లో ఉంది. ఆ నిజాయితీకి ఎన్ని స్టార్లు?

కారం లేదంటారు. అడిగితే మిరప నూనె తెచ్చి పెడతారు. అంతకు మించి ఈ ఫిర్యాదుకి జవాబు అక్కర్లేదు.

శాకాహారుల ఇబ్బంది మాత్రం ఉత్తి నెపం కాదు. స్ఫించోనే అనే దళసరి రొట్టెలో ఉల్లి, టమాటాల కింద ఆంచోవీ చేప దాక్కుని ఉంటుంది. పెకొరీనో, పార్మిజాన్ లాంటి జున్నుల్ని జంతువుల పొట్టలోంచి తీసిన పదార్థంతోనే తోడుపెడతారు. పట్టింపు ఉన్నవాళ్లు అడిగి తినాలి. అడిగితే చెబుతారు. కానీ కోడికూర, రొయ్యల వేపుడు లేనిదే ఆదివారం గడవని మనిషి కూడా సిసిలీలో దిగగానే హఠాత్తుగా శాకాహారుల కష్టాల గురించి ఉపన్యాసం ఇస్తుంటాడు. ఆ కరుణ ఎక్కణ్నుంచి పుట్టుకొస్తుందో!

ఇంకో తెగ ఉంది. వీళ్లు కుక్కర్ తీసుకెళ్లరు, కెమెరా తీసుకెళ్తారు. స్థానికులు తినే చోటు తప్ప ఎక్కడా తినకూడదని ముప్పై సెకన్ల వీడియోల్లో శాసనాలు చేస్తారు. ‘గాడ్‌ఫాదర్’ తీసిన సవోకా ఊళ్లో బార్ వితెల్లీ ముందు ఫొటో కోసం క్యూ కట్టి, లోపల దొరికే గ్రానీతా అనే నిమ్మ ఐసు రుచి కూడా చూడకుండా దిగొచ్చేదీ వీళ్లే. ఒక బామ్మ, ఒక గళ్ల గుడ్డ పరిచిన బల్ల, చేత్తో రాసిన మెనూ కనిపిస్తే చాలు, వీళ్లకి అసలైన సిసిలీ దొరికినట్టు. పలెర్మోలో వయా మాకేదా చుట్టుపక్కల బంగ్లాదేశీ దుకాణాలుంటాయి. శ్రీలంక నుంచి వచ్చిన తమిళులు, హిందువులు సైతం, పెల్లెగ్రీనో కొండెక్కి నగర దేవత లాంటి శాంతా రొసాలియాకి మొక్కుతారు. ఈ స్థానికులు వీడియోల్లోకి రారు.

మరి ఏం చెయ్యాలంటారా? ఒంటిగంటకి వెళ్లాలి. మెనూ మూసేసి ఇవాళ ఏముందని అడగాలి. కూరగాయల పక్క వంటకాలు వేరే పేజీలో ఉంటాయి, అవి రెండో మూడో చెప్పుకోవాలి. పొద్దుటిపూట హోటల్ గదిలో ఉప్మా పొట్లంలో వేన్నీళ్లు పొయ్యడం మాని బాదం గ్రానీతా, బ్రియోష్ రొట్టె తినాలి. వారంలో ఏ రోజు సెలవో తలుపు మీద రాసి ఉంటుంది, చూసుకోవాలి. తక్కినవి అక్కడికెళ్లాక ఎవరికి వాళ్లకి తెలుస్తాయి.

అన్నం లేకపోతే ప్రాణం నిలవదనేవాళ్లు మిగిలారు. వాళ్లు డిసెంబరు 13న పలెర్మో వెళ్లాలి. ఆ రోజు శాంతా లూచీయా పండగ. 1646లో కరువు రోజుల్లో గోధుమల ఓడ రేవుకి వచ్చిందనీ, పిండి విసిరే దాకా ఆగలేక జనం గింజలు ఉడికించుకు తిన్నారనీ అక్కడ చెప్పుకుంటారు. అందుకు మొక్కుగా ఈనాటికీ చాలామంది ఆ రోజు రొట్టె, పాస్తా ముట్టరు. ఉడికించిన గోధుమలకి తియ్యటి రికొత్తా కలిపిన కుచ్చీయా, కుంకుమపువ్వు వేసి వండిన అన్నాన్ని ఉండ చుట్టి వేయించిన అరంచీనా తింటారు. మాంసం కూరినవే ఎక్కువ, పాలకూర పెట్టినవీ దొరుకుతాయి. ఊరు ఊరంతా పొద్దున్నుంచి రాత్రి దాకా అన్నమే తింటుంది, అదీ సాయంత్రం నాలుగింటికి కూడా.